రంగస్థలమునఁ దలత్రిప్పు దీపములు



నేఁటి ప్రసంగమునకు విషయము నాటకరంగమునందలి దీపములు. అందును విశేషించి, మనుష్యహస్తము సోఁకకయే ఇటునటు తల త్రిప్పుచు వెలుఁగును చిమ్మెడి దీపములు. వీనికి 'మూవింగ్ హెడ్' అని పేరు. మన సిద్దిపేట ప్రాంతమున పెండ్లి ఊరేగింపులందును, జాతరలందును, వినాయక నిమజ్జనములందును వీనిని చూడనివారు నేఁడు అరుదు. అద్దెకిచ్చువారు వీని నన్నిఁటిని కలిపి 'షార్పీ'లని వ్యవహరింతురు. నిజమునకు షార్పీ యనునది ఇటలీ దేశపు క్లే పాకీ సంస్థవారు 2010వ సంవత్సరమున వెలువరించిన యొకానొక దీపము పేరు. ఒక్కని పేరు జాతికంతటికి నంటుట లోకమునఁ గ్రొత్త కాదు. వనస్పతి నంతటిని డాల్డా యనుట లేదా?

ఆకాశమున కత్తులవలె వెలుఁగును త్రిప్పుటకే యైనచో వీనినిఁ గూర్చి ప్రసంగింపఁ బనిలేదు. కాని పల్లెలయందు నాటకమాడువారు గూడ వీనిని అద్దెకుఁ దెచ్చుచున్నారు. తెచ్చి, బోర్డుపై నొక మీటను నొక్కి వదలివేయుదురు. దీపములు తమకుఁ దోఁచినట్లు తిరుగును, రంగులు మాఱును, నటుని మొగము మాత్రము చీఁకటిలో నుండును. అది దీపముయొక్క దోషము కాదు. దానికిఁ బని చెప్పనివారి దోషము. పని యెట్లు చెప్పవలయునో వివరించుటయే నా యుద్దేశము.

ముందుగా వెలుఁగుయొక్క ప్రయోజనమును నిర్ణయించుకొందము. భరతముని నాట్యశాస్త్రమున ప్రేక్షాగృహముల కొలతలు చెప్పుచు, గృహము మితిమీఱి పెద్దదైనచో నటుని పలుకు విస్పష్టముగా వినరాదనియు, ముఖమునందలి భావము కానరాదనియు హెచ్చరించెను. మైకు వచ్చినందున మొదటి చిక్కు తీఱినది. రెండవ చిక్కును తీర్పవలసినది దీపము. కావున నటుని మొగమును చూపుట రంగదీపమునకు ప్రథమధర్మము. కాలమును, స్థలమును, రసమును సూచించుట ద్వితీయము. తన వైభవమును తాను ప్రదర్శించుకొనుట దాని ధర్మములలో లేనే లేదు.

పూర్వము మన యూళ్ళలో చిందు భాగవతులు రాత్రులందు దివిటీల వెలుఁగున నాడెడివారు. కూచిపూడివారి యాటలలో ముఖ్యపాత్ర ప్రవేశించునపుడు దివిటీపై గుగ్గిలపుపొడి చల్లెడివారు. భగ్గున మంట లేచి పాత్రకొక దివ్యత్వము కలిగెడిది. ఆలోచించి చూడఁగా, దివిటీ పట్టినవాఁడే మొట్టమొదటి తలత్రిప్పు దీపము. వాఁడు కథ నెఱిఁగినవాఁడు. ఎవరెప్పుడు మాటలాడుదురో, ఎవరెటునుండి వత్తురో వానికిఁ దెలియును. కావుననే వెలుఁగు చేరవలసినచోటికి సమయమునకుఁ జేరెడిది. యంత్రదీపమునకు కథ తెలియదు. దివిటీవాని యెఱుక నంతటిని మనము ముందుగా బోర్డులో నింపవలయును. తక్కిన ప్రసంగమంతయు నీ యొక్క మాటకు వ్యాఖ్యానమే.

విద్యుద్దీపములు వచ్చిన పిదప దివిటీవాఁడు పోయెను. దీపములు కట్టినచోటనే కదలక నిలిచెను. అయిదు చోట్లను నాలుగేసి రంగులలో వెలిగింపవలయునన్నచో ఇరువది దీపములు వ్రేలాడఁదీయవలసి వచ్చెడిది. ఈ చిక్కును తొలఁగించు యత్నములు పలువురు చేసిరి. జెనిసిస్ అను నాంగ్లేయ గాయకబృందము 1981 సెప్టెంబరు 25న స్పెయిన్ దేశపు బార్సిలోనా నగరమునఁ జేసిన కచేరీలో 'వేరీ-లైట్' అను దీపములు తొలిసారిగా ప్రేక్షకులయెదుట తలలు త్రిప్పి, క్షణములో రంగులు మార్చెను. తలత్రిప్పు దీపములు లోకమున వ్యాపించుట కది నాంది.

దీపముయొక్క నిర్మాణము సులభముగాఁ దెలియును. అడుగున పీఠము, దానిపై రెండు చేతులవంటి కొమ్ములు, వాని నడుమ శిరస్సు. కొమ్ములు పీఠముపైఁ జుట్టుఁ దిరుగును, ఇది ప్యాన్. శిరస్సు కొమ్ముల నడుమ పైకిఁ గ్రిందికి వ్రాలును, ఇది టిల్ట్. సాధారణముగా ప్యాన్ 540 డిగ్రీలు, అనఁగా ఒకటిన్నర చుట్టు. టిల్ట్ 270 డిగ్రీలకుఁ గొంచె మటునిటు. శిరస్సులోపల వెలుఁగును హెచ్చించి తగ్గించు సాధనము, వెలుఁగును తటాలున మూయు షట్టరు, రంగుటద్దముల చక్రము, ఆకులు మేఘములు మొదలైన యాకృతులను చెక్కిన గోబో చక్రము, కిరణమును పలుపాయలుగాఁ జీల్చు ప్రిజము ఉండును. వీనిలో నొక్కొక్కదాని నడుపుటకు బోర్డునుండి యొక్కొక్క అంకె రావలయును. ఆ యంకె వచ్చు త్రోవకే ఛానెలని పేరు. పదునాఱు విధముల పనులు చేయు దీపమునకు 16 ఛానెళ్ళు కావలయును.

బోర్డునకును దీపములకును నడుచు భాషపేరు డీఎమ్మెక్స్-512. దీనిని 1986లో అమెరికా దేశపు రంగస్థల సాంకేతిక నిపుణుల సంస్థవారు నిర్ణయించిరి. దీనిని గ్రహించుటకు మన యుగాది పంచాంగశ్రవణమును తలఁచికొనుఁడు. సిద్ధాంతిగారు మేషము మొదలు మీనము వఱకు రాశిఫలములను వరుసగాఁ జదువుదురు. ఎవరిని పేరుపెట్టి పిలువరు. వినువాఁడు తన రాశి యెన్నవదో యెఱిఁగి, దాని వంతు వచ్చునంతవఱకు ఊరకుండి, తన ఫలమును మాత్రము గ్రహించును. బోర్డు చేయునదియు నిదియే. ఒక్కొక్కటి 0 మొదలు 255 లోపలనుండు 512 అంకెలను వరుసగాఁ జదివి, ముగిసినంతనే మరల మొదటినుండి చదువును. సెకనుకు 44 పర్యాయముల వఱకు నట్లు చదువఁగలదు. దీపము ప్రతిసారియు మొదటినుండి లెక్కించుచు తన వంతు వచ్చినపుడు తన యంకెలను గ్రహించును. అది విన్నదో లేదో బోర్డునకుఁ దెలియదు.

ఇక్కడనే అడ్రసు అను మాట వచ్చుచున్నది. దీపము ఏ యంకెనుండి వినుట మొదలిడవలయునో అదియే దాని యడ్రసు. 16 ఛానెళ్ళ దీపములు ఎనిమిది యున్నచో మొదటిదానికి 1, రెండవదానికి 17, మూఁడవదానికి 33, అటుపై 49, 65, 81, 97, కడపటిదానికి 113 ఈయవలయును. 17 అడ్రసుగల దీపము 17 మొదలు 32 వఱకు విని, అంతట చెవి మూసికొనును. దానికి 18 అని పొరపాటున నిచ్చినచో ప్రతి యంకెయు నొక యింట జరిగి, తల త్రిప్పుమన్న మాటను వేఱొక పనిగా నర్థము చేసికొనును. రెండు దీపములకు నొకటే అడ్రసైనచో రెండును కవలపిల్లలవలె నొకే పని చేయును. 512ను 16చే భాగింప 32 వచ్చును గాన ఒక వరుసలో నిట్టి దీపములు 32 పట్టును. అంతకు మించినచో రెండవ వరుస కావలయును. దీనిని యూనివర్సు అందురు.

మఱియొక సూక్ష్మము కలదు. ఒకే దీపమునకు 16 ఛానెళ్ళ విధమును, 20 ఛానెళ్ళ విధమును ఉండవచ్చును. దీపముపై నే విధమును నిర్ణయించితిమో, బోర్డులో దీపముల పట్టికనుండి యావిధమునే యెన్నుకొనవలయును. ఇట్లు దీపమునకును బోర్డునకును సంబంధము కల్పించుటకు 'ప్యాచ్' చేయుట యని పేరు. పని చేయని దీపమును విప్పి చూచుటకు ముందు అడ్రసును, విధమును, ప్యాచ్‌ను సరిచూడుఁడు. పెక్కు సందర్భములలో రోగ మక్కడనే యుండును.

0 మొదలు 255 వఱకు నున్న 256 మెట్లతో 540 డిగ్రీలు తిరుగవలసినచో ఒక్కొక్క మెట్టు రెండు డిగ్రీలకుఁ బైబడును. పది మీటర్ల దూరమున నిది 37 సెంటీమీటర్లు, మూరకుఁ గొంచెము తక్కువ. అనఁగా వెలుఁగు నటుని మొగమునుండి యొక్క గంతున పొరుగువాని భుజమునకు దూఁకును. అందువలన ప్యాన్‌కును టిల్ట్‌కును రెండేసి ఛానెళ్ళు కేటాయింతురు. మొదటిది పెద్ద మెట్లు. రెండవది, 'ఫైన్' అనఁబడునది, ఒక్కొక్క పెద్దమెట్టును మరల 256 చిన్న మెట్లుగా విభజించునది. 256ను 256చే గుణింప 65,536 అగును. అప్పు డదే దూరమున ఒక్క మెట్టు ఒకటిన్నర మిల్లీమీటరు మాత్రమే. నాటకమునకు మెల్లమెల్లగాఁ గదలు వెలుఁగు కావలయును గాన, ఫైన్ ఛానెలు గల విధమునే యెన్నుకొనుట మంచిది.

ఇఁక కట్టుటను గూర్చి. అడ్రసులన్నియు దీపములు నేలపై నున్నప్పుడే యిచ్చి, ఒక్కొక్కదానిని వెలిగించి చూచి, పిదప పైకెత్తవలయును. పైకెక్కించినవెనుక నిచ్చెన వేసికొని మీటలు నొక్కుట కష్టమును, అపాయమును. విద్యుత్తు తగిలినంతనే దీపము తనంతఁ దాను తల నిటునటు గిఱ్ఱునఁ ద్రిప్పి చూచికొనును. ఆ సమయమున చేయి, మొగము దగ్గఱ నుండరాదు. పది కిలోలనుండి ముప్పది కిలోలకుఁ బైబడి బరువుగల యీ దీపములను పందిరి వెదుళ్ళకుఁ గట్టరాదు. బరువును మోయఁదగిన ఇనుప ట్రస్సునకే బిగింపవలయును. బిగించు కొక్కెము గాక, ప్రతి దీపమునకు ఉక్కుత్రాటి నొకదానిని వేఱుగాఁ జుట్టి కట్టవలయును. కొక్కెము జాఱినను ఆ త్రాడు దీపమును పట్టుకొనును. క్రింద నున్నది నటుని తల యని మఱవరాదు.

కరెంటు విషయమున ముఖ్యమైన నియమము: సాధారణదీపముల వెలుఁగును తగ్గించు డిమ్మరు పెట్టెనుండి వీనికి కరెంటు నీయరాదు. వీనికి నిలుకడయైన పూర్తి వోల్టేజియు, మంచి ఎర్తును ఉండవలయును. సంజ్ఞలు మోయు తీఁగ ఒక దీపమునుండి మఱియొక దీపమునకు గొలుసువలె సాగవలయును. నడుమ కొమ్మలుగాఁ జీల్పరాదు. ఒక గొలుసునకు 32 దీపములకు మించరాదు. కడపటి దీపమున 120 ఓముల టెర్మినేటరును గ్రుచ్చవలయును. అది లేనిచో సంజ్ఞలు గోడకుఁ దగిలిన ప్రతిధ్వనివలె వెనుకకు మరలి, దీపములు వణఁకుటయు, కారణము లేక తల త్రిప్పుటయు కలుగవచ్చును. మైకు తీఁగను దీనికి వాడుట పలుచోట్ల చూచుచున్నాము. కొలఁదిదూరమున నది పనిచేసినట్లు కనఁబడి, జనము నిండిన వేళకు మోసము చేయును.

ఇప్పుడు దివిటీవాని యెఱుకను బోర్డులో నింపు ఘట్టమునకు వచ్చితిమి. ఇది యొక యుదాహరణముతోఁ జెప్పెదను. మన ధూళిమిట్టకు సమీపమున బైరాన్‌పల్లి గ్రామము కలదు. అచ్చటి బురుజు నేఁటికిని నిలిచియున్నది. 1948 ఆగస్టు 27న రజాకార్లును నిజాము బలగములును ఆ యూరిపైఁ బడి యనేకులను చంపిరి. ఆ కథను మన యువకులు నాటకముగా నాడఁదలఁచిరనుకొందము. రంగముపై ఆఱు చోట్లు ముఖ్యములు: కథకుఁడు నిలుచు మూల, బురుజు తల, బురుజు మొదలు, ఒక యింటి గడప, ఊరి బాట, రంగమధ్యము. ఎనిమిది దీపములు, నాలుగు ముందు ట్రస్సుపై, నాలుగు వెనుక ట్రస్సుపై.

మొదటి పని దిక్కులు సరిచేయుట. పీఠము లన్నిఁటి ముందువైపు లొక్క దిక్కునకే యుండునట్లు కట్టవలయును. అట్లు కట్టియు, ఒక్కటే యంకె పంపినపుడు దీపము లన్నియు నొక్క దిక్కునకే తిరుగును. ఎడమవైపువి కుడికిని, కుడివైపువి యెడమకును ఎదురెదురుగాఁ దిరుగవలయునన్నచో ఒక ప్రక్కవానికి బోర్డులో ప్యాన్ తలక్రిందు చేయవలయును. దీనిని 'ఇన్వర్ట్' అందురు. ప్యాన్ ఒకటిన్నర చుట్టు గాన, ఒక్క చోటునకే రెండు మార్గములఁ జేరవచ్చును. నడిమి యంకెకు దగ్గఱి మార్గమునే యెన్నుకొనుఁడు. లేనిచో జానెడు జరుగవలసిన దీపము సభయంతయుఁ జుట్టివచ్చును.

రెండవ పని చోట్లను గుఱుతింపఁజేయుట. నటునివంటి పొడవు గలవానిని ఒక్కొక్క చోట నిలిపి, ఒక్కొక్క దీపమును వాని మొగముపైకిఁ ద్రిప్పి, 'బురుజు తల', 'గడప' అని పేర్లు పెట్టి బోర్డులో దాఁచుకొనవలయును. ఈ దాఁపుడులకు పొజిషను ప్యాలెట్లని పేరు. నేలపై వెలుఁగు పడినది చాలునని తృప్తిపడరాదు. నేల మాటలాడదు, మొగము మాటలాడును. ఆఱు చోట్లు, ఎనిమిది దీపములు. మొత్తము 48 గుఱుతులు. రంగులకును, గోబోలకును నట్లే పేర్లు పెట్టుకొనవలయును.

మూఁడవ పని ఘట్టముల వరుస. నాటకమున వెలుఁగు మాఱవలసిన ప్రతి తావును 'క్యూ' అందురు. ఇట్టివి 60 యున్నవనుకొందము. ప్రతి క్యూయందును 'ఈ దీపము గడపకు' అని ప్యాలెట్ పేరుతోనే చెప్పవలయును గాని, అంకెతోఁ జెప్పరాదు. ఏలయనఁగా, నాటకము ఱేపు చేర్యాలలో, ఎల్లుండి సిద్దిపేటలో ఆడవలసివచ్చును. అక్కడ ట్రస్సు ఎత్తు వేఱు, రంగము వెడల్పు వేఱు. అంకెలతో వ్రాసికొన్నవాఁడు 60 క్యూలలో ఎనిమిదేసి దీపములను, అనఁగా 480 తావులను దిద్దుకొనవలయును. పేర్లతో వ్రాసికొన్నవాఁడు 48 గుఱుతులను దిద్దినఁ జాలును. క్యూలన్నియు తమంతఁ దామే సరిపడును. ఒక గంటలోఁ దీఱు పనికిని, తెల్లవాఱినను దీఱని పనికిని గల భేద మిదియే. వ్యాకరణమున నొక్క సంజ్ఞ నేర్పఱచికొని పెక్కు సూత్రములలో దానినే వాడుకొనుట యెట్టిదో ఇదియు నట్టిదే.

నాలుగవది కాలనియమము. ప్రతి క్యూ యెన్ని సెకన్లలో నిండవలయునో చెప్పవలయును. తెల్లవాఱుజాము దృశ్యమున వెనుకదీపములు నీలివెలుఁగుతో నూటికి ఇరువదిపాళ్ళు మాత్రమే వెలుఁగును. బురుజుపైఁ గావలివాని మొగముపై ఒక్క పసుపువెలుఁగు ఎనిమిది సెకన్లలో మెల్లగా నిండును. ఆ సమయమున తక్కిన దీపములు ఆరిపోయి, చీఁకటిలోనే తలలు త్రిప్పికొని, ఊరి బాటవైపు సిద్ధముగా నుండవలయును. వెలుఁగుచుండఁగాఁ దిరిగిన దీపము దారిలోని తెఱను, తీఁగెలను, ప్రక్కనున్న మేళమువారిని అందఱిని చూపుచుఁ బోవును. ముందు ఆర్పి, చీఁకటిలోఁ ద్రిప్పి, పిదప వెలిగించుట యీ విద్యలో మొదటి మర్యాద.

కడపట చనిపోయినవారు నేలపై నున్నారు. ఒక తల్లి గడపయొద్ద కూర్చున్నది. ఇక్కడ ఒక్క దీపమైనను తల త్రిప్పరాదు. గడపపై నున్న వెలుఁగు పండ్రెండు సెకన్లలో నెమ్మదిగాఁ దగ్గిపోవలయును, అంతియే. ఎనిమిది దీపములు చేతనున్నను ఏడింటిని ఊరకుంచఁగలుగుట వెలుఁగు నడుపువాని పరీక్ష. అక్కడ రంగులు తిరిగినచో ఊరివారి యేడుపు తమాషా యగును. ఆ బురుజునకు మనము చేయు నమస్కారము వ్యర్థమగును.

కాల్పుల దృశ్యమున దీపములను టపటప మినుకుమినుకుమనిపించు కోరిక కలుగుట సహజము. సెకనుకు మూఁడు మొదలు ముప్పది పర్యాయముల వఱకు మెఱయు వెలుఁగు మూర్ఛరోగము గల కొందఱికి మూర్ఛను రేపఁగలదు. రెండు మూఁడు మెఱపులతో భావము సిద్ధించునపుడు ఎక్కువ యెందులకు? తీక్ష్ణకిరణమును ప్రేక్షకుల కన్నులలోనికిఁ దిన్నగాఁ బంపరాదు. ఆ కిరణ మొకచోట నిలిచినచో తెఱలను, తాటాకు పందిళ్ళను కాల్పఁగలదు. ఎంతదూర ముంచవలయునో దీపముమీఁది పలకపై వ్రాసియుండును. వాయుదీపములుగల వానిని ఆట ముగిసినంతనే కరెంటు తీసివేయక, దీపమును బోర్డునుండి యార్పి, లోపలి ఫ్యాను చల్లార్చువఱకు వేచియుండవలయును.

వెలుఁగును ఎక్కడ పడనీయరాదో తెలియుటయు విద్యయే. 1885లో కడప మండలపు సురభి గ్రామమునఁ బుట్టిన సురభి నాటకసమాజమువారి పరంపర మనకుఁ దెలియును. వారి మాయాబజారువంటి నాటకములలో మాయలన్నియు తెఱలపైనను త్రాళ్ళపైనను ఆధారపడినవి. గాలిలోఁ దేలు పాత్రను మోయు తీఁగపై ప్రక్కనుండి యొక్క కిరణము పడినచో తీఁగ తళుక్కుమని మాయ విచ్చిపోవును. అట్టి నాటకమునకు దీపములు గట్టువాఁడు మొదట త్రాళ్ళు లాగువానితో మాటలాడి, పిదప బోర్డును ముట్టుకొనవలయును.

కలకత్తాలో 1959లో ఉత్పల్ దత్తు ప్రదర్శించిన 'అంగార్' నాటకమున తాపస్ సేన్ అను వెలుఁగుల శిల్పి, బొగ్గుగనిలో నీరు నిండి కూలీలు మునిఁగిపోవు దృశ్యమును కేవలము వెలుఁగుతోఁ గల్పించెను. నాఁటికి తలత్రిప్పు దీపములు లేవు. ఆయనకుఁ గల సాధన మేమనఁగా, ఏ క్షణమున ఏది కనఁబడవలయునో నిశ్చయముగాఁ దెలిసియుండుట. ఆ నిశ్చయము లేనిచో నూఱు దీపములున్నను చీఁకటియే.

కావున, దీపములకై అద్దె మాటలాడుకొను యువకులారా! బోర్డు ముందు కూర్చుండఁబోవు వానికి దీపముల పట్టికతోఁబాటు నాటకప్రతిని గూడ నీయుఁడు. వాఁడు సాధనలన్నిఁటికి వచ్చునట్లు చూడుఁడు; చోట్లకు పేర్లు పెట్టుటకు, గుఱుతులు దిద్దుటకు ఆటకు ముందు ఒక పూట తీఱిక యీయుఁడు. జనము వచ్చి కూర్చున్నపిదప దీపములు కట్టనారంభించినచో ఎంత గొప్ప యంత్రమును పనికిరాదు. దివిటీవాఁడు కథ వినియే దివిటీ పట్టెను. బోర్డువాఁడును కథ విన్నపుడే దీపము సరియైన మొగమువైపు తల త్రిప్పును.